పై డెక్కు మీద పాప

జూన్ 2

అక్కా,

నా గుండె రాయి అని నువ్వు అన్నావట. అమ్మ ఫోనులో చెప్పింది. అదీ నన్ను ఓదారుస్తున్నాననుకుని. "మీ అక్కే అంది, దానిది రాతిగుండె, అదే తట్టుకుంటుంది, మనమే పిచ్చివాళ్ళలా ఏడుస్తున్నామని." ఆరో రోజున ఆఫీసుకు వెళ్ళినందుకే ఈ పేరు వచ్చిందని నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఏడో నెలకే పాప పుట్టి పోయాక, నన్ను చూడడానికి వచ్చినవాళ్ళందరూ నా ఎదురుగా కూర్చుని ఏడ్చారు. వాళ్ళకి మంచినీళ్ళు అందించేది నేను, వీపు నిమిరేది నేను. అయిదు రోజులు ఆ పని చేసి ఆరో రోజు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ సర్వే ఫారాలుంటాయి. జనం ఖాళీగా వదిలేసిన గడుల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత చుట్టి వెనక్కి పంపాలి. ఆ రోజు రెండువందల పది ఫారాలు చూశాను. ఒక్క గడి కూడా తప్పిపోలేదు. ఏడుపు ఆపుకోవడానికి నేనేం కష్టపడలేదక్కా. అది రాలేదు. కొన్నాళ్ళు తుమ్ము రానట్టు.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటంటావు. ఫోను చేస్తే నువ్వు కుట్టు మిషను తొక్కుతూనే మాట్లాడతావు, సగంలో అమ్మ చేతికిచ్చేస్తావు. ఉత్తరమైతే మిషను ఆపి చదవాలి.

మీ మరిది వేసిన ప్రయాణ పట్టిక నీ దుకాణం గోడ మీద అంటించే ఉంటావు. ఇరవై అయిదు రోజులు, తొమ్మిది ఫెర్రీలు, మూడుసార్లు తిమింగలాల్ని చూపించే పడవ. ఏ రోజు ఏ బసలో ఉంటామో అడ్రసులతో సహా ఉన్నాయి. బస్సులకి టైమ్‌టేబుళ్ళు వేసే మనిషి కదా, నాలుగు నిమిషాల ఆలస్యానికి కూడా ఒక గడి పెట్టారు. జవాబు ఆ అడ్రసులకే రాయి.

ఇంకొకటి. జూన్ వచ్చాక మళ్ళీ ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ అన్నది నాతో. గుర్తుపెట్టుకున్నది మీరు. బయల్దేరేటప్పుడు నువ్వు కారు కిటికీలోకి తల పెట్టి, "వెళ్ళేది ఇద్దరు, వచ్చేది ముగ్గురు" అన్నావు. ఆయన నవ్వారు. నేను సీటు బెల్టు పెట్టుకున్నాను. దాన్ని 'సరే' అని లెక్క వేసుకోవద్దు.

ఫెర్రీ బాగానే ఉంటుంది. కారుని కింద కడుపులోకి తోలించి, చక్రాల కింద చెక్కలు పెట్టి, మనల్ని ఇనుప మెట్ల మీదుగా పై డెక్కుకి పంపిస్తారు. పైన బెంచీలు నేలకి బోల్టులతో బిగించి ఉంటాయి. ఎదురు బెంచీలో ఎవరు కూర్చుంటే వాళ్ళు గంటన్నరసేపు చుట్టాలు. గట్టు కనపడగానే అందరూ తాళంచెవులు తడుముకుంటూ లేస్తారు, మళ్ళీ ఎవరికి ఎవరూ కారు.

మొదటి పడవలో తిమింగలం కనపడలేదు. మూడు గంటలు నీళ్ళు చూసి వచ్చాం.

ఉంటాను,
నీ చెల్లెలు, రాయి

జూన్ 6

ఒసేయ్ ముంగీ,

మిషను ఆపాను. చదివాను. సంతోషమా?

అమ్మ చేతికి మాట ఇస్తే గమ్యం చేరేసరికి దాని ముక్కూ చెవులూ ఉండవని నీకు తెలీదూ? నేనన్నది రాయి కాదే తల్లీ, రాచిప్ప. "అది రాచిప్పమ్మా, ఆలస్యంగా వేడెక్కుతుంది, ఎక్కిందంటే దించినా చల్లారదు" అన్నాను. అది పొగడ్త. కాస్త భయం కూడా, ఎందుకంటే అది ఇంకా వేడెక్కలేదు. కాలేజీలో అంత చదివావు, అక్క మాటని అమ్మ నోట విని నమ్మేశావు.

ఇక్కడ బడులు తెరిచే రోజులు. మూడువందల నలభై చొక్కాలు కోసి పెట్టుకున్నాను. కాజాలు తీసే ఆవిడకి సరిగ్గా ఇప్పుడే మణికట్టు వాచింది. గుండీలు కుట్టమని మీ బావని కూర్చోబెడితే, చొక్కాని తన ప్యాంటుకి కలిపి కుట్టేసుకుని, లేవలేక గంటసేపు "ఏమేవ్" అని పిలుస్తూ కూర్చున్నాడు. నేను మిషను చప్పుడులో వినలేదు.

మరిది రోజూ ఫోటోలు పంపుతున్నాడు. బంగారం లాంటి మనిషి. కొంతమంది మొగుళ్ళు వీధి చివర కొట్టు దాకా కూడా తీసుకెళ్ళరు. నువ్వు రెయిలింగు పట్టుకుని నవ్వుతున్నావు చూడు, అది చూసి అమ్మ కడుపునిండా అన్నం తింది. దాన్ని ఫ్రేము కట్టించాను. నీకు తెలియకుండా ఇంకో పనీ చేశాను, చెప్పేస్తున్నాను. మీ ఇంటి తాళం నా దగ్గరే ఉంది కదా, పాప కోసం అనుకున్న ఆ చిన్న గది కడిగించి రంగు వేయించాను. లేత పసుపు. మరిదిని అడిగితే "మంచిది వదినా" అన్నాడు.

సీటు బెల్టు మాట చదివాను. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, వడ్డించేదాకా వద్దంటావు, వడ్డించాక తింటావు. నేను పట్టించుకోను.

తిమింగలం కనపడితే ఎంత ఉందో రాయి. మన వీధంత ఉంటుందా?

మీ అక్క

జూన్ 11

అక్కా,

ఫోటోలో ఉన్నది నవ్వు కాదు. ఎదురుగాలికి పెదాలు వెనక్కి లాగాయి. ఫ్రేము విప్పమని అనను, అమ్మ అన్నం తింటోంది కదా. నీకు తెలిసి ఉండాలని రాశాను.

గది సంగతి నన్ను అడగాల్సింది.

తిమింగలాన్ని చూశాం, రెండో పడవలో. వీధంత ఉండదు, నీ దుకాణమూ పక్క మందుల షాపూ కలిపినంత. ముందు ఊపిరి వినపడింది, టైరులో గాలి తీసినట్టు. తరువాత నల్లటి వీపు, చాలాసేపు, అయిపోదేం అనిపించేంతసేపు. చివర తోక. పడవలో అందరూ అరిచారు. ఒకావిడ తనకి బొత్తిగా తెలియని మనిషిని కావలించుకుంది. మీ మరిదికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నా భుజం పట్టుకుని, "చూశావా, చూశావా" అన్నారు. చూశాను. తోక అంచున ఎడమపక్క గాటు ఉంది. నీళ్ళు అయిదు ధారలుగా జారాయి. ఏ ఫారమైనా ఇస్తే అన్ని గడులూ నింపగలను. అందరికీ తగిలినదేదో నా పక్కనుంచి వెళ్ళిపోయింది. పాపం, తిమింగలం తప్పేమీ లేదు.

ఇప్పుడున్న ఊళ్ళో ఫెర్రీ మీద ఒకావిడ పని చేస్తుంది. లెక్కలావిడ అంటారు. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఈ గట్టునుంచి ఆ గట్టుకి, ఆ గట్టునుంచి ఈ గట్టుకి వెళ్తూ తిమింగలాల్ని లెక్కపెడుతుంది. అదే ఆవిడ ఉద్యోగం. పది నిమిషాలకొకసారి అట్ట మీద రాస్తుంది. ఎక్కువసార్లు రాసేది 'లేదు' అని. "లేదు అని రాయడానికి ఇంత శ్రద్ధ ఎందుకండీ?" అని అడిగాను. "చూడకపోవడం వేరు, చూస్తే లేకపోవడం వేరు. రెండూ కలిపేస్తే ఇన్నేళ్ళ లెక్కా దండగ" అంది. మోకాళ్ళు పాడై మెట్లెక్కలేకపోతోంది. నేను ఎడమవైపు చూసి పెట్టాను, ఆవిడ కుడివైపు చూసింది. పద్దెనిమిది లేదులు. ఫిబ్రవరి తరువాత అంత తేలిగ్గా గడిచిన పూట అదొక్కటే.

ఆ సమయంలో ఆయన ఒక రిటైరైన నర్సుగారితోనూ వాళ్ళాయనతోనూ కూర్చున్నారు. ఆవిడ ఊలు అల్లుతోంది. మొన్నకూడా వాళ్ళతోనే. ఆయన ఏం మాట్లాడారో తరువాత రాస్తాను. ఇప్పుడు రాస్తే సరిగ్గా రాయలేను.

నీ చెల్లెలు

జూన్ 14

ముంగీ,

తలుపు వేసుకుని రాస్తున్నాను. అమ్మకి ఇంకా తెలియదు.

ఈ పొద్దున దుకాణానికి ఒక పార్సిలు వచ్చింది. విప్పితే ఊలు టోపీ, రెండు మేజోళ్ళు, నా బొటనవేలంత. తెల్ల ఊలు, పసుపు అంచు. పనితనం చూస్తే చెయ్యి తిరిగిన మనిషి. లోపల చీటీ: "బోర్లా పడుతున్న బుజ్జితల్లికి, ఫెర్రీలో కలిసిన అమ్మమ్మ. పెద్దమ్మగారూ, మీరు పాపని బాగా చూసుకుంటున్నారని విన్నాం. వాళ్ళిద్దరూ బెంగపడకుండా తిరిగి వస్తారులెండి."

కాజాలావిడ పక్కనే ఉంది. "ఎవరి పాపమ్మా?" అంది. పాత అప్పులవాణ్ణి చూసినట్టు ఆ మేజోళ్ళ వంక చూస్తూ ఉండిపోయాను.

ఎందుకే అలా చెప్పావు? పాప నా దగ్గర ఉందనీ, బోర్లా పడుతోందనీ! రాయి కాదు రాచిప్ప అని వెనకేసుకొచ్చాను, ఇదా లోపల ఉడుకుతున్నది? నీ మీద కోపం లేదు, ఒట్టు. భయం.

వెంటనే మీ బసకి ఫోను చేశాను. నువ్వు బయటికెళ్ళావట, మరిది ఎత్తాడు. "ఏమిటయ్యా ఇది, చెల్లి ఎవరెవరితోనో పాప ఉందని చెబుతోందా?" అన్నాను. "తననేమీ అనకండి వదినా, తనకి ఇంకా బాగోలేదు" అన్నాడు. ఎంత మంచివాడే! ఇన్నాళ్ళూ మనకి చెప్పకుండా ఒక్కడే మోస్తున్నాడు.

అమ్మకి మెల్లగా చెబుతాను. మీ అత్తగారికి చెప్పక తప్పదు, తరువాత తెలిస్తే మాట పడతాం. నువ్వు ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. మరిది పక్కనే ఉండు.

అక్క

జూన్ 18

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. రెండుసార్లు చదువు.

తొమ్మిదో తారీకు ఫెర్రీ. నర్సుగారు అల్లుతూ, "పిల్లలా?" అని అడిగింది. అందరూ అడిగేదే. నేను నోరు తెరిచేలోపే ఆయన, "ఒక పాపండీ, నాలుగు నెలలు" అన్నారు. నేను లెక్క వేశాను. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. ఆ రోజు నుంచే లెక్కపెడుతున్నారన్నమాట. ఎవరి దగ్గర ఉంచారంటే మా వదినగారి దగ్గర, ఆవిడకి కుట్టు దుకాణం అన్నారు. నిద్ర పోనిస్తుందా అంటే, "మొదట్లో లేదండీ, ఇప్పుడు నయం" అన్నారు. బోర్లా పడిందా అంటే, "మేం బయల్దేరిన రోజే పడింది, వదిలి రావడానికి కాళ్ళు రాలేదు" అన్నారు. తడుముకోలేదక్కా. మనింట్లో ఎవరితోనూ ఆయన అంత ధారాళంగా మాట్లాడగా నేను వినలేదు. టిక్కెట్టు వెనక నీ దుకాణం అడ్రసు రాసిచ్చారు.

"తల్లిపాలేనా?" అంది నర్సుగారు. ఈసారి ఇద్దరూ నా వైపు చూశారు.

"కాదండీ" అన్నాను.

నేను అన్నది ఆ ఒక్క మాట. అది నిజమే. కానీ ఆ మాటతో నేనూ అందులో ఒక చెయ్యి వేసినట్టయింది, ఒప్పుకుంటాను.

బసకి వచ్చాక అడిగాను. ఆయన మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతున్నారు. "ఎవరికేం నష్టం?" అన్నారు. తరువాత బూటు చేత్తో పట్టుకునే, "అంతసేపూ అది ఉంది కదా" అన్నారు. అంతకు ముందు రెండు ఫెర్రీల్లోనూ చెప్పారట. మొదటిసారి చెప్పినప్పుడు పాప నవ్వింది. రెండోసారి గొంతు గుర్తుపట్టింది. నాకు కోపం రాలేదు. కోపం ఉండాల్సిన చోటు ఎక్కడో తెలుసు, అక్కడ తడిమి చూశాను. ఏమీ చేతికి తగల్లేదు. ఆయన మీద జాలి మాత్రం ఉంది, దూరపు చుట్టం మీద ఉన్నట్టు. అందుకే నీకు రాయకూడదనుకున్నాను. అది ఆయన సొంత విషయం, ఆయనే చెప్పుకోవాలి అనుకున్నాను.

నిన్న నీ ఉత్తరం వచ్చాక ఆయన ముందు పెట్టాను. చదివారు. "నేను ఫోనెత్తగానే వదిన, చెప్పింది నువ్వేనని అనేసుకున్నారు. నేను కాదనలేదు, అలా వదిలేశాను" అన్నారు. "ఇప్పుడు చెప్పండి, ఫోను అక్కడే ఉంది" అన్నాను. కిటికీలోంచి కార్ల వరస చూశారు. "నేనని తెలిస్తే అందరూ కంగారుపడతారు. నువ్వయితే ఎవరూ ఆశ్చర్యపోరు కదా" అన్నారు.

తిట్టినట్టు అనలేదు. గొడుగు నీ చేతిలో ఉంది కదా, నువ్వే పట్టుకో అన్నట్టు, అంత మామూలుగా అన్నారు.

అమ్మకీ అత్తగారికీ ఇది చెప్పు. ఆయనకి కష్టంగా ఉంది, మాట్లాడించండి. నేనలా చెప్పలేదు.

చెల్లెలు

జూన్ 21

చిట్టితల్లీ,

రెండుసార్లు చదవమన్నావు, నాలుగుసార్లు చదివాను. రెండు చొక్కాలకి కాలర్లు తిరగేసి కుట్టాను.

నమ్ముతున్నాననే అనుకో. మగవాడు పాపం, మనలా కూర్చుని ఏడవడానికి అతనికి చోటేదీ? నువ్వా ఏడవవు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా. నోరు జారాడు. అతను చెప్పాడో నువ్వు చెప్పావో, పక్కపక్కనే కూర్చున్నారు, దుఃఖం ఇద్దరిదీ. దీన్ని సాగదీసి ఏం బావుకుంటాం?

అదీగాక, మీ అత్తగారికి పదిహేనో తారీకునే చెప్పేశాను, నువ్వేనని. ఆవిడ చాలా మంచిగా తీసుకుంది. "మా కోడలికి మొదటినుంచీ మనసులో మాట బయటపెట్టడం రాదు, ఇలా బయటపడింది" అంది. ఇప్పుడు వెళ్ళి కాదండీ, మీ అబ్బాయే అంటే ఎలా ఉంటుందో ఆలోచించు. తల్లి ప్రాణం. నీ మీద మాటయితే నేను చూసుకోగలను, నాకు అలవాటే. అమ్మకి కూడా అలాగే ఉండనీ.

ఇరవై తొమ్మిదికి డాక్టరమ్మ దగ్గర టైము తీసుకున్నాను. మనసు డాక్టరు ఒకాయన కూడా అక్కడే కూర్చుంటాడట, ఒకే రోజు రెండూ చూపించేసుకోవచ్చు. ఒక్క పిల్ల పుట్టి కేరుమంటే ఇవన్నీ ఎగిరిపోతాయే. నన్ను చూడు, పెద్దాడు పుట్టకముందు మీ బావతో రోజూ పోట్లాటే, తరువాత పోట్లాడడానికి తీరిక ఏది?

ఆ టోపీ, మేజోళ్ళు పారెయ్యలేకపోయాను. పసుపు గదిలో అలమరలో పెట్టాను. రంగు భలే కలిసింది.

ఇరవై ఆరు సాయంత్రం అన్నం ఇక్కడే. బావ గుండీలు కుట్టడం నేర్చుకున్నాడు, నీకు చూపించాలని కాచుకున్నాడు.

అక్క

జూన్ 24

అక్కా,

కాలర్లు తిరగబడినందుకు బాధగా ఉంది. నీకు ఎప్పుడూ అలా జరగదు.

నువ్వు నన్ను ఎంత ప్రేమగా చూసుకుంటావో నాకు తెలుసు. నీ ఉత్తరం చదివాక ఇంకా బాగా తెలిసింది. నేను చెప్పింది నిజమని తెలిసి కూడా, దాన్ని పక్కకి జరిపి, నాకోసం చోటు సర్దావు. అందరికీ వీలుగా ఉండే చోటు. మీ ఇంట్లో ఏ వస్తువుకీ చోటు లేదనిపించదు, నీ చెయ్యి అలాంటిది.

ఇక్కడి సంగతులు. మూడో పడవకి నేను వెళ్ళలేదు. ఆయన వెళ్ళి ఆరు తిమింగలాల్ని చూసి వచ్చారు, ఒక పిల్లతో సహా. పిల్ల తల్లి పక్కనే ఈదిందనీ, తల్లి దాన్ని నీటిపైకి ఎత్తిందనీ చెప్పి, "నీకు చూపించాలనిపించింది" అన్నారు. అప్పుడు చెప్పాను, నేను వెనక్కి రావడం లేదని. బల్లకి అటూ ఇటూ కూర్చుని రొట్టె తింటున్నాం. పూర్తిగా విన్నారు. "వదిన మాటకి కోపం వచ్చిందా?" అన్నారు. లేదన్నాను. "నా మాటకా?" అన్నారు. లేదన్నాను. "మరి?" అన్నారు. నేను చేతిలో ఉన్న రొట్టె పూర్తిగా తిన్నాను. ఆయన లేచి తన కప్పూ నా కప్పూ కడిగి బోర్లించారు. ఆ తరువాత పట్టిక తీసి, రాబోయే రెండు ఫెర్రీలకి ఒక్క మనిషి అని దిద్దుకున్నారు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

ఈ ఉదయం ఆయన్ని ఫెర్రీ ఎక్కించాను. నారింజ రంగు కోటు వేసుకున్న ఫెర్రీ పనివాడు కారుని లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. ఆయన పై డెక్కుకి వచ్చి నిలబడ్డారు. గట్టు మీద నేను నిలబడ్డాను. ఫెర్రీ కదిలేదాకా ఇద్దరం చూసుకున్నాం. ఎవరూ చెయ్యి ఊపలేదు. పక్కన ఎవరో పెద్దాయన వచ్చి ఆయనతో మాట కలిపాడు. ఏం మాట్లాడుకుంటున్నారో నాకు వినపడలేదు.

ఆయనకి తోడు కావాలి. ఇరవై తొమ్మిదికి తీసుకున్న టైము ఆయనకి వాడండి. ఇది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంటున్నాను. మీ అందరిలో ఆయనతో ఆ పాప గురించి మాట్లాడగలిగేది నువ్వొక్కదానివే. పేరేమన్నా పెట్టుకున్నారేమో అడుగు. నేను అడగలేకపోయాను.

అమ్మకి ఈ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు, మధ్యలో ఏదీ దాటెయ్యకుండా. అత్తగారికి నేనే విడిగా రాశాను, ఎవరు చెప్పారో, ఎవరు చెప్పలేదో. ఆవిడ నమ్మినా నమ్మకపోయినా అది ఆవిడ దగ్గర రాతలో ఉంటుంది. ఆఫీసుకి రాజీనామా కూడా ఇదే పోస్టులో పడుతుంది.

లెక్కలావిడ మోకాళ్ళకి ఆపరేషను. ఆవిడ పని ఒకటో తారీకు నుంచి నాది. టిక్కెట్ల గది పైన ఒక గది ఇచ్చారు, మంచం, బల్ల, నీళ్ళ వైపు కిటికీ ఉన్నాయి. తిమింగలాలు వెళ్ళిపోయేదాకా ఇక్కడ ఉంటాను. తరువాత ఎక్కడ ఉంటానో ఇంకా తెలియదు. కానీ ఆ ఇంటికి రాను. ఆయనతో కాపురం చెయ్యను. ఇంకో బిడ్డని కనను.

నీ చెల్లెలు